అపలేచియన్ కాలిబాట: కొంత చరిత్ర, కొంత ఆలోచన

తూర్పు రాష్ట్రాల్లో కాపురముంటున్న మనం ఏడాదికి ఎన్నిసార్లు ఆ బాటను దాటుతామో లెక్కలేదు. న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాకు 80వ నంబరు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు, డెలవేర్ నది వంతెన పక్కనే నడిచేవాళ్ళ కోసం ఒక సన్నని దారి ఉంటుంది. మసాచుసెట్స్‌లో 90వ నంబరు రోడ్డుకూ, మేరీలాండ్‌లో 70వ నంబరు రోడ్డుకూ అడ్డంగా, కార్ల మీదుగా పోయే కాలినడక వంతెనలు ఉన్నాయి. గంటకు 65 మైళ్ళ వేగంలో అవి కంటికి ఆనవు. పిల్లలు వెనక సీట్లో పోట్లాడుకుంటూ ఉంటారు. పులిహోర గిన్నె ఒరిగిపోకుండా ఒకరు పట్టుకుని కూర్చుంటారు. భోజనాల వేళకు ఎవరింటికో చేరాలన్న ధ్యాసలో మనం ఉంటాం.

ఆ మూడు చోట్లా కనిపించేది ఒకటే బాట. దక్షిణాన జార్జియాలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. 14 రాష్ట్రాలు, 2,190 మైళ్ళ పైచిలుకు పొడవు. చెట్ల బోదెల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల నిడివిగల తెల్లరంగు పట్టీ కనిపిస్తే అదే దారి అని గుర్తు. పట్టీలు ఒకదాని మీద ఒకటి రెండుంటే, ముందు మలుపుంది, జాగ్రత్త అని అర్థం. దీని పేరు అపలేచియన్ ట్రెయిల్.

ఎందుకు నడుస్తున్నారయ్యా అని ఈ బాట మీద వెళ్ళేవాళ్ళను అడిగితే, చాలామంది చెప్పే జవాబు మనశ్శాంతి కోసమని. వినడానికి అది కడుపు నిండినవాళ్ళ మాటలా ఉంటుంది. కాని దీని చరిత్ర చదివితే వేరే సంగతి తెలుస్తుంది. దీన్ని తలపెట్టినవాడు భార్యను పోగొట్టుకున్న మనిషి. మొదటిసారి ఒక్క విడతలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినవాడు యుద్ధంలో ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్న సైనికుడు. ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ, ముప్పై ఏళ్ళకు పైగా మొగుడి దెబ్బలు తిన్న పదకొండుగురు పిల్లల తల్లి. వీళ్ళకు ఆ కొండలు ఏమిచ్చాయి, ఏమివ్వలేకపోయాయి అన్నది తెలుసుకుంటే, మనలాగా ఇల్లు వదిలి దూరం వచ్చినవాళ్ళకు కొంత పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మనకు కొండ ఎక్కడం కొత్తేమీ కాదు. అలిపిరి నుంచి తిరుమల మెట్లు మూడు వేల అయిదు వందల పైచిలుకు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసపడని వాళ్ళు మనలో తక్కువ. శివరాత్రికి నల్లమల అడవుల్లో నడిచి శ్రీశైలం చేరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయితే మన నడక చివర ఒక దేవుడుంటాడు. ఒక మొక్కు ఉంటుంది, దాన్ని తీర్చుకున్నామన్న నెమ్మది ఉంటుంది. కటాడిన్ శిఖరం మీద ఉండేది వాతలు తేలిన ఒక చెక్క బోర్డు. దాన్ని చేతులతో తాకి, ఒక ఫోటో తీయించుకుని దిగిరావడమే. మొక్కు లేదు, ముడుపు లేదు, దర్శనం లేదు. మరి అయిదారు నెలలు వానలో, దోమల్లో నడిచి అక్కడికి చేరేవాళ్ళు దేనికోసం చేరుతున్నారు?

అమెరికాలో ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. గాంధీగారు చదివి మెచ్చుకున్న రచయితగా మనకు పరిచయమైన థోరో 1846లో కటాడిన్ ఎక్కబోయాడు. పైన మబ్బులు కమ్ముకున్నాయి, శిఖరం దాకా పోలేకపోయాడు. వాల్డెన్ చెరువు ఒడ్డున ఆయనకు దొరికిన చుట్టరికం ఆ రాళ్ళ మధ్య దొరకలేదు. ఆ కొండకు మనిషి గొడవే పట్టదని ఆయనకు అనిపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కొండ మనల్ని ఓదార్చడానికి అక్కడ కూర్చోలేదు.

ఆ తరవాత బోస్టన్ వాళ్ళు 1876లో అపలేచియన్ మౌంటెన్ క్లబ్ పెట్టుకుని న్యూహాంప్‌షైర్ కొండల్లో బాటలు వేశారు. వెర్మాంట్‌లో 1910లో గ్రీన్ మౌంటెన్ క్లబ్ పుట్టింది. ఆ రాష్ట్రాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయే లాంగ్ ట్రెయిల్‌ను 1930 నాటికి పూర్తిచేసింది. ఇలా ఎవరి కొండల్లో వారు బాటలు వేసుకుంటున్న రోజుల్లో, ఇవన్నీ కలిపి దేశం తూర్పు వెన్నెముక పొడవునా ఒకటే బాట వేస్తే ఎలా ఉంటుందని గట్టిగా అడిగినవాడు బెంటన్ మకాయ్.

మకాయ్ 1879లో పుట్టాడు. హార్వర్డ్‌లో అటవీశాస్త్రం చదివి ప్రభుత్వపు అటవీ శాఖలో పనిచేశాడు. ఆయన భార్య జెస్సీ హార్డీ స్టబ్స్ స్త్రీల ఓటుహక్కు కోసం, యుద్ధానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడిన కార్యకర్త. ఆమెను మానసిక వ్యాకులత పట్టి పీడించింది. 1921 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ఈస్ట్ నదిలో ప్రాణం తీసుకుంది. మకాయ్‌కి అప్పుడు 42 ఏళ్ళు. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ పత్రికకు సంపాదకుడైన చార్లెస్ విటేకర్ ఆయన స్నేహితుడు. ఈయన ఒంటరిగా ఉండడం మంచిది కాదని న్యూజెర్సీ కొండల్లో ఉన్న తన ఇంటికి తీసుకుపోయాడు. మకాయ్ చాలాకాలంగా మనసులో తిప్పుతున్న ఆలోచనను ఆ వేసవిలో కాగితం మీద పెట్టాడు. జులైలో నెట్‌కాంగ్ దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో విటేకర్, వాస్తుశిల్పి క్లారెన్స్ స్టైన్, ఈయన కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. అక్టోబరులో వ్యాసం ఆ పత్రికలో అచ్చయింది. ఒక స్నేహితుడు ఆరు నెలల పాటు మరొక స్నేహితుణ్ణి కనిపెట్టుకుని ఉన్నందువల్ల ఈ బాట పుట్టిందని చెప్పినా తప్పులేదు.

ఆ వ్యాసం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అందులో భార్య ఊసు ఎక్కడా లేదు. కొండల అందం గురించి కవిత్వమూ తక్కువే. మకాయ్ ఒక భారీకాయుణ్ణి ఊహించాడు. కొండల కొసల మీద అంగలు వేసుకుంటూ పోయే ఆ మనిషికి దేశమంతా ఒక్కసారిగా కనిపిస్తుంది: పొగ కక్కే మిల్లు పట్నాలు, నరికేసిన అడవులు, పాడుపడిన పొలాలు, పనిలో పడి ఊపిరి తీసుకోలేని మనుషులు. కింద ఉన్నవాడికి తన వీధి మాత్రమే కనిపిస్తుంది. పైనున్నవాడికి ఏ వీధి దేనితో కలుస్తుందో కనిపిస్తుంది. పట్నంలో గుండె అలిసిన కూలివాడికీ గుమాస్తాకీ ఆ కొస మీద రెండు వారాలు నడిచే అవకాశం ఉంటే, వాడు విశ్రాంతి తీసుకోవడమే కాక, తన బతుకును దూరంనుంచి చూసి ఎలా మార్చుకోవచ్చో ఆలోచిస్తాడని మకాయ్ ఆశ. అందుకే బాటతో పాటు వసతి గుడిసెలు, సహకార పద్ధతిలో శిబిరాలు, వాటికి తిండి పండించే పొలాలు కూడా ఉండాలన్నాడు. శిబిరాలు, పొలాలు రాలేదు. బాట, గుడిసెలు మిగిలాయి.

మొదటి ముక్క న్యూయార్క్‌లో వేశారు. బేర్ మౌంటెన్ నుంచి హారిమన్ పార్కు గుండా ఆర్డెన్ వరకు ఉన్న ఆ భాగాన్ని 1923 అక్టోబరు 7న తెరిచారు. 1925లో వాషింగ్టన్‌లో అపలేచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ అనే సంస్థ ఏర్పడింది. 2005లో దాని పేరును కన్సర్వెన్సీ అని మార్చారు. తీర్మానాలు చేశారు, చప్పట్లు కొట్టారు, పని మాత్రం నత్తనడక నడిచింది. సంఘాల సంగతి మనకు తెలియనిదా!

ఆ పనిని చేతికి తీసుకుని ముందుకు నెట్టినవాడు మైరన్ ఏవరీ అనే న్యాయవాది. మెయిన్‌లో పుట్టి వాషింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగం చేసేవాడు. సైకిలు చక్రంలాంటి కొలత చక్రాన్ని ముందుకు తోసుకుంటూ బాటను మైలు మైలుగా కొలిచాడు. ఏ రాయి దగ్గర మలుపు, ఎక్కడ నీటి ఊట ఉందో రాసి గైడు పుస్తకాలు తయారుచేశాడు. ఊరూరా క్లబ్బులు పెట్టించాడు. విడతలు విడతలుగా 1936 నాటికి బాటంతా నడిచిన మొదటి మనిషి ఆయనే. 1937 ఆగస్టు 14న మెయిన్‌లో చివరి రెండు మైళ్ళు పూర్తవడంతో జార్జియా నుంచి కటాడిన్ దాకా బాట కలిసింది. ఆ చివరి ముక్క వేసింది కరువు రోజుల్లో ప్రభుత్వం పని ఇచ్చిన కుర్రాళ్ళ దళం.

కలలు కన్నవాడికీ, కొలిచినవాడికీ మధ్య మాత్రం పొత్తు కుదరలేదు. వర్జీనియాలో కొండకొస మీదనే స్కైలైన్ డ్రైవ్ అనే కారు రోడ్డు వేస్తుంటే, అది కొండల నిశ్శబ్దాన్ని చంపేస్తుందని మకాయ్ మండిపడ్డాడు. రోడ్డు ఎలాగూ ఆగదు, బాటను పక్కకు జరిపైనా నిలబెట్టుకుందామని ఏవరీ పట్టుబట్టాడు. 1935లో ఇద్దరికీ మాటలు పోయాయి. మకాయ్ విడిపోయి, అదే ఏడు మరికొందరితో కలిసి వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపించాడు. ఏవరీ 1952లో, 52 ఏళ్ళకే, గుండె ఆగి పోయాడు. శాంతి కోసం వేసిన బాటకు ఇద్దరు పెద్దలు శాంతిగా మాట్లాడుకోలేకపోయారు. అయినా ఇద్దరిలో ఎవరు లేకపోయినా బాట లేదు.

ఈ చరిత్రలో ఇంకొక పేజీ ఉంది. దాన్ని దాటవేయడం ధర్మం కాదు. షెనాండోవా జాతీయ పార్కును 1935లో ఏర్పాటుచేయడానికి ఆ కొండల్లో తరాలుగా బతుకుతున్న వందలాది కుటుంబాలను ఖాళీ చేయించారు. నేడు అక్కడ నడిచేవాళ్ళకు అడవిలో హఠాత్తుగా ఆపిల్ చెట్లు, కూలిన పొయ్యి గోడలు, చిన్న శ్మశానాలు కనిపిస్తాయి. అదే పార్కులో 1939లో నల్లవారికని లూయిస్ మౌంటెన్ అనే వేరే స్థలం కేటాయించారు. ఆ వేర్పాటు 1950 నాటికి గాని పూర్తిగా పోలేదు. అంటే మన ఒంటి రంగు గలవాళ్ళం ఆ రోజుల్లో అక్కడికి పోయి ఉంటే, మనల్ని ఏ వైపు పొమ్మనేవారో ఊహించుకోవచ్చు. ఇంకా వెనక్కి పోతే, 1838లో దక్షిణ కొండల నుంచి చెరోకీ జనాన్ని సైన్యం తరిమింది. ఆ దారిలో వేలమంది చచ్చిపోయారు. ఈ బాటలో అన్నిటికంటే ఎత్తైన చోటు స్మోకీ కొండల్లో 6,643 అడుగుల ఎత్తున ఉంది. దాన్ని చాలాకాలం ఒక రాజకీయ నాయకుడి పేరుతో క్లింగ్‌మన్స్ డోమ్ అన్నారు. 2024లో చెరోకీల పాత పేరు కువోహి తిరిగి పెట్టారు. కొండ ఎక్కితే దూరం కనిపిస్తుంది అన్నాక, ఇవి కూడా కనిపించాలి.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బాటను చూసేవాళ్ళు లేకపోయారు. 1938లో వచ్చిన తుపాను న్యూ ఇంగ్లండ్‌లో చెట్లు కూల్చింది. దక్షిణాన కొత్త రోడ్డు వంద మైళ్ళకు పైగా బాటను మింగేసింది. గుర్తులు చెరిగిపోయాయి, ముళ్ళపొదలు పెరిగిపోయాయి. ఆ స్థితిలో, 1948 ఏప్రిల్ 4న, ఎర్ల్ షాఫర్ అనే 29 ఏళ్ళ యువకుడు జార్జియాలోని ఓగల్‌థార్ప్ కొండ మీద నిలబడ్డాడు. అప్పట్లో బాట అక్కడే మొదలయ్యేది. 1958లో దాన్ని స్ప్రింగర్ కొండకు మార్చారు.

షాఫర్‌ది పెన్సిల్వేనియాలోని యార్క్ ప్రాంతం. వాల్టర్ వైన్‌మిల్లర్ అనే స్నేహితుడితో కలిసి కుర్రతనంలో ఆ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగాడు. ఎప్పటికైనా బాటంతా నడుద్దామని ఇద్దరూ అనుకున్నారు. యుద్ధం వచ్చింది. షాఫర్ పసిఫిక్ దీవుల్లో రాడార్, రేడియో పనులు చేస్తూ నాలుగేళ్ళకు పైగా గడిపాడు. వాల్టర్ ఇవో జిమాలో చచ్చిపోయాడు. ఇంటికి తిరిగివచ్చిన షాఫర్‌కు ఏ పని మీదా మనసు నిలవలేదు. సైన్యాన్ని తన ఒంట్లోంచి నడిచి వదిలించుకోవడానికి బయలుదేరానని తరవాత ఆయన చెప్పుకున్నాడు.

ఆయన దగ్గర గుడారం లేదు. సరైన గైడు పుస్తకం లేదు, పెట్రోలు బంకుల్లో ఇచ్చే రోడ్డు మ్యాపులే ఆధారం. దారి తప్పితే వెతుక్కుని, కూలిన చెట్ల మీదుగా దూకి, వసంతం ఉత్తరానికి ఎంత వేగంతో పోతుందో తానూ దాని వెంటే అంతే వేగంతో పోయాడు. జేబులో ఒక చిన్న నల్ల నోటుబుక్కు ఉండేది. రోజుకు నాలుగు ముక్కలు, అప్పుడప్పుడు ఒక పద్యం అందులో రాసుకునేవాడు. 124 రోజులు నడిచి ఆగస్టు 5న కటాడిన్ చేరాడు. కాన్ఫరెన్స్ పెద్దలు మొదట నమ్మలేదు. ఒక్క విడతలో ఎవరూ నడవలేరన్నది వాళ్ళ లెక్క. నోటుబుక్కు, ఫోటోలు చూసి, ప్రశ్నలు వేసి, చివరికి ఒప్పుకున్నారు. ఆ నోటుబుక్కు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉంది.

ఇక్కడితో ఆగిపోతే ఇది చక్కని కథ అవుతుంది. యుద్ధపు గాయం నడకతో మానిపోయిందని చెప్పి ముగించవచ్చు. అయితే షాఫర్ 1965లో మళ్ళీ నడిచాడు, ఈసారి ఉత్తరం నుంచి దక్షిణానికి. 1998లో, 80వ ఏడు నిండబోతుండగా, మూడోసారి బాటంతా నడిచాడు. 2002లో చనిపోయాడు. ఒక్కసారి వేసుకుంటే పోయే మందు కాదది. మనిషి తన దుఃఖంతో సఖ్యంగా బతకడానికి మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని.

షాఫర్ తరవాత 1952లో మిల్‌డ్రెడ్ నార్మన్ అనే న్యూజెర్సీ స్త్రీ ఒక సహచరుడితో కలిసి ఒకే ఏడాదిలో బాటంతా నడిచింది. అక్కడ దొరికిన నెమ్మదిని తన దగ్గరే దాచుకోలేదు. 1953 జనవరి 1న ప్రపంచశాంతి కోసమని కాలిఫోర్నియా నుంచి నడక మొదలుపెట్టి, పీస్ పిల్‌గ్రిమ్, అంటే శాంతి యాత్రికురాలు, అని పేరు మార్చుకుంది. డబ్బు ముట్టుకోకుండా, ఎవరైనా పెడితే తిని, చోటిస్తే పడుకుని, 25,000 మైళ్ళు నడిచాక లెక్కపెట్టడం మానేసింది. మన దేశంలో సన్యాసులు చేసిన పనే ఇది. 1981లో, ఒక ఉపన్యాసానికి ఆమెను ఎవరో కారులో తీసుకుపోతుంటే, ప్రమాదంలో చనిపోయింది.

అందరిలోకీ నాకు ఎక్కువ ఆలోచన కలిగించే మనిషి ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయో పల్లెలో 1887లో పుట్టింది. 19 ఏళ్ళకు పెళ్ళయింది. భర్త కొంత చదువుకున్నవాడు, ఊళ్ళో మర్యాదస్తుడు. ఇంట్లో మాత్రం ఆమెను పళ్ళు ఊడేలా, పక్కటెముకలు విరిగేలా కొట్టేవాడు. పొలం పని, 11 మంది పిల్లల పెంపకం, ఈ దెబ్బలు. ఊపిరాడనప్పుడు ఇంటి వెనక అడవిలోకి పోయి కూర్చునేది. చెట్ల మధ్య కాసేపు నెమ్మది దొరికేది. మళ్ళీ ఇంటికే రావాలి.

చాలామంది ఆమె కథ చెప్పేటప్పుడు ఒక సంగతి వదిలేస్తారు. అడవి ఆమెకు ఊపిరినిచ్చింది గాని, విడుదల నివ్వలేదు. విడుదల కోర్టు ఇచ్చింది. 1940 దశకం ఆరంభంలో ఆమె విడాకులు తీసుకుంది. పిల్లలను పెంచింది, వాళ్ళు స్థిరపడ్డాక ఒక పత్రికలో ఈ బాట గురించి చదివింది. 1954లో ఒకసారి ఉత్తరం నుంచి మొదలుపెట్టి, దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుంది. అక్కడి రేంజర్లు ఆమెను వెతికి పట్టుకుని ఇంటికి పొమ్మన్నారు. మరుసటేడు, 1955 మేలో, 67 ఏళ్ళ వయసులో, ఎవరికీ చెప్పకుండా జార్జియా చేరింది. పిల్లలకు తెలిసింది అమ్మ నడవడానికి వెళ్ళిందని మాత్రమే.

ఆమె సామాను చూస్తే మన అమ్మమ్మలు గుర్తొస్తారు. తనే కుట్టుకున్న గుడ్డ సంచి భుజాన వేసుకుంది. వాన కోసం స్నానాల గది ప్లాస్టిక్ తెర, కాళ్ళకు కెడ్స్ గుడ్డ జోళ్ళు, తిండికి ఎండుద్రాక్ష, వేరుశనగలు, డబ్బా మాంసం. సంచి బరువు ఇరవై పౌన్లు కూడా లేదు. ఆ ఆగస్టులో కానీ, డయాన్ అనే రెండు తుపానులు తూర్పుతీరాన్ని ముంచెత్తాయి. పొంగిన వాగులు దాటుకుంటూ నడిచి, సెప్టెంబరు 25న కటాడిన్ ఎక్కింది. 1957లో మళ్ళీ నడిచింది. విడతలుగా మూడోసారి 1964లో పూర్తిచేసింది. దారిలో విలేకరులు వెంటపడి అడిగితే, బాట పాడుపడి ఉందని, చెట్లు కొట్టేవాళ్ళు లేరని నిర్మొహమాటంగా తిట్టింది. దాంతో బాట బాగుకు జనం పూనుకున్నారు.

అయితే అదే విలేకరులకు తాను విధవనని చెప్పింది. మాజీ భర్త అప్పటికి బతికే ఉన్నాడు. ఆమె 1973లో, 85 ఏళ్ళ వయసులో చనిపోయింది. పాత్రికేయుడు బెన్ మాంట్‌గోమరీ 2014లో ఆమె పిల్లలను కలిసి, ఉత్తరాలు చదివి పుస్తకం రాసేదాకా ఆ దెబ్బల సంగతి లోకానికి పెద్దగా తెలియదు. దేశమంతా ముచ్చటపడిన ఆ ముసలమ్మ నవ్వు వెనక ఏముందో, ఆమెకు అన్నం పెట్టిన ఇళ్ళవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇదంతా మన పత్రికలో ఎందుకంటారా? మన సంఘాల్లో పాటకు చోటుంది, పద్యానికి చోటుంది, ఉగాది పచ్చడికీ, సంక్రాంతి ముగ్గుకూ చోటుంది. దుఃఖానికి చోటు తక్కువ. రాత్రి రెండింటికి మోగిన ఫోనులో తండ్రి పోయిన కబురు విని, టిక్కెట్టు దొరక్క, దొరికినా సమయానికి చేరలేక ఇక్కడే తల స్నానం చేసినవాళ్ళు మనలో ఉన్నారు. ఉద్యోగం పోయిన సంగతి నెలలపాటు స్నేహితులకు చెప్పకుండా, పొద్దున్నే టై కట్టుకుని బయటికి పోయినవాళ్ళు ఉన్నారు. చక్కగా అలంకరించుకుని దీపావళి సభకు వచ్చి, ఇంటికి వెళ్ళడానికి భయపడే అక్కచెల్లెళ్ళు లేరని ఎవరైనా ప్రమాణం చేయగలరా? ఎలా ఉన్నారంటే బాగున్నాం అంటాం. ఎమ్మా గేట్‌వుడ్ కూడా అంతే అన్నది.

కొండ ఇవేవీ తీర్చదు. మకాయ్ భార్య తిరిగి రాలేదు, వాల్టర్ తిరిగి రాలేదు. కొట్టే మొగుడున్న ఇంటికి అడవి జవాబు కాదు. ముందు అక్కడినుంచి బయటపడాలి, అందుకు చట్టం, స్నేహితులు కావాలి. బయటపడ్డాక, లేదా తప్పించుకోలేని నష్టం జరిగాక, నడక ఒక సాయం చేస్తుంది: కొలత మారుస్తుంది. 80వ నంబరు రోడ్డు మీద పావుగంటలో దాటే దూరం కొండ మీద ఒక రోజు పని. నీరు ఎక్కడ దొరుకుతుంది, చీకటిపడేలోగా గుడిసె చేరతామా, మడమ మీద బొబ్బ ఎలా ఉంది, ఇవే ఆ రోజుకు పెద్ద ప్రశ్నలు. వీపు మీది బరువు పౌన్లలో తెలుస్తుంది, అక్కర్లేనిది తీసేయవచ్చు. మనసు మీది బరువు కూడా ఇంతేనేమో, మోయగలిగినదేనేమో అన్న ఆలోచన అలా నడుస్తుంటే వస్తుంది. పక్కన నడిచేవాళ్ళు మన ముఖం చూడకుండా ముందు దారి చూస్తుంటారు కనుక, డ్రాయింగు రూములో ఎన్నడూ రాని మాట అక్కడ నోటికి వస్తుంది.

ఈ సాయం ఊరికే దొరకడం లేదని కూడా గుర్తుంచుకోవాలి. 1968లో కాంగ్రెసు చేసిన చట్టం వల్ల ఇది జాతీయ బాట అయింది. 1978 సవరణతో భూమి కొనడానికి డబ్బు వచ్చింది. ఆ మొదటి చట్టం చూసి, 1975 డిసెంబరులో, 96 ఏళ్ళకు మకాయ్ కన్నుమూశాడు. రోజువారీ పని మాత్రం నేటికీ సుమారు 30 క్లబ్బుల స్వచ్ఛంద కార్యకర్తలదే. రిటైరైన టీచర్లు, ప్లంబర్లు, డాక్టర్లు రంపాలూ కత్తెరలూ పట్టుకుని వెళ్ళి కొమ్మలు కొడతారు, మురుగు నీరు పోవడానికి గాళ్ళు తీస్తారు, వెలిసిన తెల్ల పట్టీలకు మళ్ళీ రంగు వేస్తారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగంలో లెక్కలేనన్ని చెట్లు కూల్చి, వంతెనలు కొట్టుకుపోయినప్పుడు, ముందుగా రంపాలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో వీళ్ళున్నారు. ఈ క్లబ్బుల్లో చేరడానికి ఎవరూ తాతల ఊరు అడగరు. మన పిల్లలు తమది ఏ దేశమని అడుగుతుంటారు కదా. ఒక శనివారం నాడు ఈ బాటకు రంగు వేసి వస్తే, ఆ ప్రశ్నకు సగం జవాబు వాళ్ళ చేతులకే దొరుకుతుంది.

నడవదలచినవాళ్ళకు కొన్ని సూచనలు. న్యూయార్క్ వాళ్ళకు బేర్ మౌంటెన్ దగ్గర మొదటి ముక్క ఉంది. బాటంతటిలోకీ పల్లపు చోటు అక్కడి జంతుప్రదర్శనశాలలోనే, సముద్రమట్టానికి 124 అడుగుల ఎత్తున ఉంది కనుక పిల్లలకు సరదా. న్యూజెర్సీలో 70 మైళ్ళకు పైగా బాట ఉంది. వాషింగ్టన్ వైపువాళ్ళకు షెనాండోవా దగ్గర. బాటలో దాదాపు నాలుగో వంతు వర్జీనియాలోనే ఉంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను కిటికీ పక్కన కూర్చోబెట్టకుండా చదునైన చోట ఒక మైలు తీసుకువెళ్ళండి. తిరుమల మెట్లెక్కిన కాళ్ళవి, మనకంటే గట్టివి. అక్టోబరు మొదటి రెండు వారాలు ఎంచుకుంటే ఎండ బాధ ఉండదు, ఆకుల రంగు చూడవచ్చు. గట్టి బూట్లు, సరిపడా నీళ్ళు, ఒక టార్చిలైటు పెట్టుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఎవరికైనా చెప్పి వెళ్ళండి. ఇంటికి రాగానే ఒంటి మీద టిక్ పురుగులున్నాయేమో చూసుకోండి. పులిహోర పొట్లాలు నిక్షేపంగా పట్టుకెళ్ళవచ్చు, ఆకులూ కాగితాలూ మాత్రం తిరిగి ఇంటికే తేవాలి. ఈ మధ్య ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామంటూ ముఖం తిప్పుకున్న స్నేహితులెవరైనా ఉంటే, ముందుగా వాళ్ళకు ఫోను చేసి కూడా రమ్మనండి.